కార్తీకం చివరి సోమవారం

ఈసారి పరిషెకు వెళ్ళకూడదనే అనుకున్నాను. మోకాళ్ళు సహకరించడం లేదు, జనంలో తోసుకోవడం చేతకాదు, పైగా ఇప్పుడు ఎవరి కోసం వెళ్ళాలి అన్న మొండితనం ఒకటి. కానీ మేము ఉండేది హనుమంతనగర్‌లో. బసవనగుడి రోడ్డు మీద బాణళ్ళు పొయ్యెక్కితే ఆ వాసన అక్కడే ఆగుతుందా? ఆదివారం సాయంత్రానికే రెండో అంతస్తులోని మా వంటింటి కిటికీలోంచి లోపలికి వచ్చేసింది. వేడి ఇసుకలో పెంకు మాడే వాసన, దాని వెనకే పచ్చికాయలు ఉడికే ఉప్పు ఆవిరి. పులుసులో గరిటె అలాగే వదిలేసి కిటికీ దగ్గర నిలబడ్డాను. పులుసు అడుగంటింది.

బెంగళూరు సంగతి తెలియనివారికి ఒక మాట చెప్పాలి. కార్తీకమాసం చివరి సోమవారం బసవనగుడిలో పెద్ద నంది ఉన్న దొడ్డ బసవన్న గుడి ముందు, రోడ్డు పొడవునా వేరుశనగ కాయల తిరునాళ్ళు జరుగుతాయి. కన్నడంలో కడలేకాయి పరిషె అంటారు. పరిషె అన్న మాట నాకు కొత్త కాదు, కదిరి వైపు పల్లెల్లో మేము పరస అంటాం. గుడిని 1537లో కెంపేగౌడ కట్టించాడని చెబుతారు. ఇక్కడంతా ఒకప్పుడు వేరుశనగ చేలేనట. రోజూ ఒక ఎద్దు వచ్చి చేను మేసిపోయేదట. కోపం పట్టలేక ఒక రైతు దుడ్డుకర్రతో కొడితే అది కూలబడి రాయి అయిపోయిందట. ఆ రాయి రోజురోజుకూ పెరుగుతూ ఉంటే నెత్తిన ఇనుప మేకు దిగగొట్టి ఆపారట. అప్పటినుంచి తొలి పంట ఆ బసవన్నకే. వేరుశనగ సముద్రాలు దాటి వచ్చిన పంట అనీ, కెంపేగౌడ నాటికి ఇక్కడ చేలు చేలుగా ఉండి ఉంటుందా అనీ మా మనవరాలు ఒకసారి అనుమానం లేవదీసింది. చదువుకున్న పిల్ల. నేను జవాబు చెప్పలేదు.

మా ఆయన ఈ కథ మొదటిసారి విన్నప్పుడు గుడి మెట్ల మీదే నిలబడిపోయాడు. "బాగుంది. పంట మేసిన ఎద్దుకు గుడి కట్టారు. మన చేలో అడవి పందులు పడి మేస్తున్నాయి, వాటికి కట్టుకుంటూ పోతే కదిరి తాలూకా చాలదు" అన్నాడు. పక్కన కొబ్బరికాయ పట్టుకొని ఉన్న పెద్దమనిషికి తెలుగు వచ్చినట్టుంది, గట్టిగా నవ్వాడు.

*

నేను ఈ ఊరికి వచ్చింది ఒక్క నెలకు.

అమ్మాయికి పురుడు మా దగ్గరే పోశాం. మూడో నెలలో బిడ్డను బెంగళూరులో దింపి వద్దామని వచ్చాను. సంచిలో నాలుగు చీరలు, ఉగ్గుగిన్నె, వసకొమ్ము, సున్నిపిండి డబ్బా. అమ్మాయి సెలవు అప్పటికే అయిపోవచ్చింది. ఆ రోజుల్లో ప్రసూతి సెలవు 12 వారాలే. దాన్ని 26 వారాలు చేసింది 2017లో, అప్పటికి మా పాప నాలుగో తరగతి చదువుతోంది. పిల్లలను చూసుకునే చోటు ఒకటి దగ్గరలో ఉందంటే అమ్మాయీ నేనూ వెళ్ళి చూశాం. ఒకే గది, అందులో పదిమంది పసివాళ్ళు, గోడకు టీవీ. ఏ బిడ్డా ఏడవడం లేదు. అదే నాకు భయం వేసింది. దారిలో అమ్మాయి ఏమీ మాట్లాడలేదు. ఇంటి మెట్లెక్కుతూ, నా వైపు చూడకుండా, "అమ్మా, ఈ నెల ఉంటావా?" అన్నది.

ఆ నెల ఇంకా అయిపోలేదు.

ఊరికి ఫోను చేసి చెబితే ఆయన, "ఉండు. నాకేమి, రెండు ముద్దలు కెలుక్కోలేనా" అన్నాడు. పొయ్యి ఏ వైపు నుంచి ఊదాలో తెలియని మనిషి. ముప్పై ఏళ్ళలో నేను పుట్టింటికి వెళితే మా అత్త వండింది, అత్త పోయాక నేను పుట్టింటికి వెళ్ళడమే మానుకున్నాను. ఆవు ఉంది, ఆరు ఎకరాల ఎర్రనేల ఉంది, జూన్‌లో విత్తనం పడాలి. ఆయన రాలేడు, నేను వెళ్ళలేను. ఈ మాట ఇంత తేలికగా ఇప్పుడు రాస్తున్నాను కానీ అప్పుడు మేము దాన్ని ఒక నిర్ణయంగా అనుకోనే లేదు. వచ్చే నెల, దసరా తర్వాత, పాపకు నడక వచ్చాక, బడిలో వేశాక. అలా గడిచింది.

సంకటి ఫోనులో నేర్పాను. పాపను కాళ్ళ మీద వేసుకొని ఊపుతూ, చెవికీ భుజానికీ మధ్య ఫోను నొక్కిపెట్టి: "అన్నం మెత్తగా ఉడికిందా? ఇప్పుడు పిండి మధ్యలో కుప్పగా పొయ్యి. కలపవద్దు. మూత పెట్టు. పిండి మీద ఆవిరి పైకి వచ్చేదాకా కలపవద్దు అంటే వినవు కదా." అటునుంచి తెడ్డు శబ్దం, ఆ తర్వాత ఒక తిట్టు. మొదటి వారం ఉండలు కట్టింది, రెండో వారం మాడింది. మూడో వారం ఏమైందో చెప్పలేదు. అంటే కుదిరిందన్నమాట. చెనగపప్పు ఊరిమిండి, అదే రోటిపచ్చడి, ఒక్కటే ఆయనకు చివరిదాకా నా చేతి రుచి రాలేదు.

అప్పట్లో రాష్ట్రం దాటితే ఫోను ఖర్చు ఎక్కువ. అందుకని రింగుల లెక్క పెట్టుకున్నాం. రాత్రి ఎనిమిదికి ఒక రింగు ఇచ్చి పెట్టేస్తే తిన్నాను, అంతా బాగుంది అని. రెండు రింగులైతే తిరిగి చెయ్యి అని. ఆ తర్వాత మాటలు చౌకైపోయాయి, రోజంతా మాట్లాడినా పైసా పడని రోజులు వచ్చాయి. మా లెక్క మాత్రం మారలేదు. ఒక్క రింగు. పాపకు మాటలు రాని రోజుల్లోనే ఆ రింగు తెలుసు, వినగానే వంటింటి వైపు వేలు చూపించేది.

*

కూతురి ఇంట్లో ఉండటం గురించి ఎవరూ రాయరు. మా వైపు పెద్దవాళ్ళు కూతురి ఇంట చెయ్యి కడగడానికి కూడా వెనకాడేవాళ్ళు. మా నాయన మా ఇంటికి వస్తే కానుకగా ఏదో ఒకటి చేతిలో పెట్టకుండా అన్నానికి కూర్చునేవాడు కాదు. నేను ఏళ్ళ తరబడి కూర్చున్నాను. పెళ్ళిళ్ళలో చుట్టాలు, "ఇంకా అల్లుడి దగ్గరేనా?" అని అడిగేవాళ్ళు. ఆ "ఇంకా"లో అన్నీ ఉండేవి. అల్లుడు మంచివాడే. అత్తయ్యా అని తప్ప పిలవడు, గొంతు పెంచడు. కానీ ఆ అబ్బాయి హాల్లో కూర్చుంటే నేను వంటింట్లోకి, నేను హాల్లోకి వస్తే ఆ అబ్బాయి గదిలోకి. ఇద్దరం ఒకరి మర్యాద ఒకరం కాపాడుకుంటూ ఇల్లంతా తిరిగేవాళ్ళం.

అమ్మాయి నెలనెలా ఒక డబ్బాలో నాకోసం డబ్బు పెట్టేది. దాన్ని ముట్టుకోవడానికి నాకు ఏడాది పట్టింది. మొదటిసారి తీసింది ఆయన ఫోనులో డబ్బు వేయించడానికి.

మొదటి రెండు మూడేళ్ళు ఆరు నెలలు నేను, ఆరు నెలలు మా వియ్యపురాలు. ఆమెది తెనాలి వైపు. నేను దిగే రోజు ఆమె ఎక్కాలి, అందుకని మా ఇద్దరి పరిచయమంతా గుమ్మం దగ్గరే. సంచులు మారేవి, అప్పగింతలు జరిగేవి. "వదినగారూ, పాలవాడికి ఇరవై రూపాయలు బాకీ. పాపకు ముక్కు కారుతోంది. పడుకోబోయే ముందు కాకి కథ అడుగుతుంది, చెప్పండి." నేను మళ్ళీ వచ్చేసరికి పోపుల పెట్టెలో ఆవాల గిన్నె జీలకర్ర చోటికి మారిపోయి ఉండేది. మార్చుకునేదాన్ని. ఆమె వచ్చి మళ్ళీ మార్చేవారు. ఈ యుద్ధం గురించి ఒక్కనాడూ ఇద్దరం నోరెత్తలేదు. ఇబ్బందంతా పాపదే. "నాయనమ్మ కాకి నీళ్ళు తాగింది. నీ కాకి ఎందుకు ఎగిరిపోయింది?" అని నిలదీసేది. తర్వాత వియ్యంకుడికి పక్షవాతం వచ్చింది. ఆమె రావడం ఆగిపోయింది. నా ఆరు నెలలు పన్నెండు అయ్యాయి.

*

పాప నన్ను అవ్వా అనేది, మా వైపు పిలుపు. మా ఇంట్లో పనికి వచ్చే ఆమెది రాయచూరు దిక్కు. అక్కడ అవ్వ అంటే అమ్మ. ఈ వయసులో ఈమెకు కానుపా అని నెల రోజులు లోలోపల ఆశ్చర్యపోయిందట. ఎవరికీ చెప్పుకోలేక చివరికి నన్నే అడిగింది.

సాయంత్రాలు బ్యూగిల్ రాక్ పార్కుకు తీసుకెళ్ళేదాన్ని. పెద్ద పెద్ద బండలు, చెట్లలో తలకిందులుగా గబ్బిలాలు. బెంచీల మీద మాలాంటి వాళ్ళే. ఒకామెది కేరళ, ఒకామెది బీహారు, ఇద్దరు తమిళులు, ఒక కాన్పూరు తాత. ఎవరి భాష ఎవరికీ రాదు. అందరికీ వచ్చిన కన్నడం ఒక్కటే, "ఊట ఆయ్తా?" తిన్నారా అని. ఆయ్తు. అంతే. తర్వాత మనవలను చూపించుకుంటూ కూర్చునేవాళ్ళం. ఒకరి చేతి సంచిలో బిస్కెట్టు అయిపోతే ఇంకొకరిది తెరుచుకునేది. బీహారు ఆమె తన చేతి మీద పచ్చబొట్టును పాపకు వేలితో గీసి చూపించి ఏదో కథ చెప్పేది, పాప ఊకొట్టేది. ఒక రోజు ఆమె రాలేదు. మర్నాడూ రాలేదు. కొడుకుకు వేరే ఊరు బదిలీ అయిందని ఎవరో చేతులతో చెప్పారు. ఆమె పేరు నాకు ఇప్పటికీ తెలియదు.

కన్నడం నాకు పార్కులోనే అంటుకుంది. మన ‘ప’ తీసి ‘హ’ పెడితే సగం కన్నడం వచ్చేస్తుందని నేనొక సూత్రం కనిపెట్టాను. పాలు హాలు, పువ్వు హూవు, పులి హులి, పల్లె హళ్ళి. ఆ ధీమాతోనే అంగడికి వెళ్ళి కిలో ‘హప్పు’ ఇవ్వమని అడిగాను. కొట్టువాడు నా మొహం చూశాడు. పక్కన నిలబడ్డ నాలుగేళ్ళ పాప, "అవ్వా, బేళె" అని సరిదిద్దింది.

*

మా ఆయన ఏడాదికి రెండుసార్లు వచ్చేవాడు. ఉగాదికీ, ఈ పరిషెకూ. కాయలు పీకి, కట్టె వేసి, కొట్టి, ఎండబెట్టేసరికి కార్తీకం వచ్చేది. పండిన ఏడు రెండు మూటలు, ఎండిన ఏడు ఒక మూట. అనంతపురం నేల సంగతి చెప్పనక్కరలేదు, ఏడాది మొత్తం పడేదే సుమారు 550 మిల్లీమీటర్లు, అదీ పడాల్సిన రోజున పడదు. ఒక ఏడు పంట పూర్తిగా పోయింది. ఆ ఏడు కూడా మూట వచ్చింది. తర్వాత తెలిసింది, కదిరిలో కొని తెచ్చాడని.

బస్సు బాగేపల్లి, చిక్కబళ్ళాపురం మీదుగా వచ్చి మెజెస్టిక్‌లో దింపుతుంది. అక్కడినుంచి సిటీ బస్సు, మూటకు వేరే టికెట్టు. అల్లుడు కారు తెస్తానన్నా ఒప్పుకునేవాడు కాదు. ఐదో తరగతి చదివినా కన్నడం బోర్డులు చక్కగా చదివేవాడు. "అక్షరం మనదే. తలపాగా వేరుగా చుట్టారు, అంతే" అనేవాడు. ఇంట్లోకి రాగానే మూట విప్పి నాలుగు కాయలు నా చేతిలో పోసేవాడు. నేను ఒకటి చిదిమి పప్పు నోట్లో వేసుకొని చెప్పాలి, గింజ పాలుపోసుకుందా లేదా అని. పాత టీఎంవీ-2 విత్తనం మానేసి కదిరి-6 వేసిన ఏడు నా మాట కోసం ఎంతసేపు ఎదురుచూశాడో.

రెండు రాత్రులు ఉండేవాడు. మూడో రోజు ఆవు గుర్తొచ్చేది.

ఆ రెండు రాత్రుల్లో మేము మాట్లాడుకునే చోటు ఆ ఇంట్లో లేదు. నేను పాప పక్కన గదిలో, ఆయన హాల్లో చాప మీద. ముప్పై ఏళ్ళు ఒక కప్పు కింద కాపురం చేసినవాళ్ళం, కూతురి ఇంట్లో చుట్టాల్లా, "కాఫీ తాగుతావా?", "ఉంటే ఇవ్వు" అని మాట్లాడుకునేవాళ్ళం. అల్లుడు ఎదురుగా ఉంటే అదీ లేదు. అందుకే పరిషె. సోమవారం సాయంత్రం జనంలో పడితే మమ్మల్ని చూసేవాడు లేడు. రామకృష్ణ ఆశ్రమం నుంచి గుడిదాకా పోవడం, రావడం, మళ్ళీ పోవడం. ఎవరి పొలం అమ్ముడుపోయింది, ఎవరి కొడుకు తాగుతున్నాడు, బావిలో నీళ్ళు ఏ మెట్టు దాకా ఉన్నాయి, మా అత్త సమాధి మీద వేపమొక్క ఎంత పెరిగింది. ఊరి మొత్తాన్ని రెండు గంటల్లో చెప్పేవాడు. జనం తోస్తే నా చెయ్యి పట్టుకునేవాడు. మా ఊళ్ళో ఎన్నడూ వీధిలో నా చెయ్యి పట్టుకున్న మనిషి కాదు.

బసవన్న ముందు గుప్పెడు కాయలు పోసి, పక్కన దొడ్డ గణపతిని చూసి ఇంటికి. మెట్లెక్కేటప్పుడు ఆయన రెండు మెట్లు ముందు, నేను వెనక. మళ్ళీ చుట్టాలం.

*

ఒక పరిషెకు ఆయన చేసిన పని ఇంట్లో పెద్ద రభసకు దారితీసింది. పాపకు అప్పుడు ఎనిమిదేళ్ళు. బడి వదిలాక తాత తీసుకొస్తాడని పంపాం. ఆరు అయింది, ఏడు అయింది, ఇద్దరూ లేరు. అమ్మాయి ఆఫీసు బస్సు దిగి, బ్యాగు భుజాన ఉండగానే వెతకడానికి వెళ్ళింది. బుల్ టెంపుల్ రోడ్డు పక్కన గోనెపట్టా పరిచి, రెండో మూట విప్పి, ఆయన కాయలు అమ్ముతున్నాడు. బడి బట్టల్లో ఉన్న పాప సేరుతో కొలిచి పోస్తోంది. పక్క రైతును అడిగి సేరు తీసుకున్నాడట. "కదిరి కడలేకాయి, కదిరి కడలేకాయి" అని పాప అరుస్తున్న అరుపు అమ్మాయికి దూరం నుంచే వినిపించిందట.

ఇంటికొచ్చాక అమ్మాయి ఏడ్చింది. "మేము ఏమి తక్కువ చేశాం నాయనా? మా ఆఫీసు వాళ్ళు ఎంతమంది ఆ దారిన పోతారు!" ఆయన కాళ్ళు కడుక్కుంటూ, "తక్కువ చేశారని ఎవరన్నారు? పండించినవాడు అమ్ముకుంటే ఎవరికి సిగ్గు?" అన్నాడు. అల్లుడు ఏ పక్షమూ మాట్లాడలేదు. పాప మాత్రం నోట్లూ చిల్లరా మంచం మీద పరిచి లెక్కపెడుతోంది. సేరు ముప్పై చొప్పున వెయ్యీ నూట డెబ్బై వచ్చింది. ముగ్గురికి కొసరు ఎక్కువ పోసిందట. ఆ డబ్బు పెట్టి ఒక తప్పెట కావాలంది. తాత కొనిచ్చాడు. పది రోజులు ఇంట్లో చెవులు దక్కలేదు.

నాకు మాత్రం అమ్మాయి బాధ అర్థమైంది, ఆయన మాటా అర్థమైంది. అమ్మాయికి అది లేమిలా కనిపించింది. ఆయనకు అదొక్క సాయంత్రమే ఈ ఊళ్ళో తనకు పని దొరికింది.

ఇంకొక ఆదివారం అల్లుడు అందరినీ కారులో దొడ్డ ఆలద మర చూపించడానికి తీసుకెళ్ళాడు. రామోహళ్ళి దగ్గర, మూడు ఎకరాల్లో పరుచుకున్న మర్రి. ఈయన చుట్టూ తిరిగి, "మంచి చెట్టే. మా తిమ్మమ్మ మర్రిమాను ముందు పిల్ల" అన్నాడు. ఆ మాట నిజమే, కదిరి దగ్గరి మా మర్రిమాను ఐదు ఎకరాలకు దగ్గరగా ఉంటుంది, 1989లో గిన్నిస్ వాళ్ళు ఎక్కించుకున్నారు. అయినా అల్లుడు అంత పెట్రోలు పోసి తీసుకొచ్చినప్పుడు అనాలా? తర్వాత ఆయన, "మొదలు ఏది?" అని అడిగాడు. అసలు మాను తెగులు పట్టి ఎప్పుడో పోయిందని, ఇప్పుడు నిలబడ్డవన్నీ ఊడలేనని అక్కడివాళ్ళు చెప్పారు. ఊడలంటే ఏమిటని పాప. "శనక్కాయకూ ఊడలు దిగుతాయి తెలుసా? పువ్వు పైన పూస్తుంది. అది వాడాక దాని కిందనుంచి సూదిలాంటి ఊడ వంగి నేలలోకి దిగుతుంది. కాయ మట్టిలో కాస్తుంది" అన్నాడు. పాప నమ్మలేదు. పువ్వు పైన ఉంటే కాయ కింద ఎలా ఉంటుందని దారి పొడవునా వాదించింది.

*

2020లో ఉగాది మార్చి 25న వచ్చింది. ఈయన పండక్కని నాలుగైదు రోజుల ముందే వచ్చాడు. పండగ నాడే దేశమంతా తలుపులు పడ్డాయి. బస్సులు లేవు. రెండు రాత్రుల మనిషి రెండున్నర నెలలు ఉండిపోయాడు.

అమ్మాయి ఒక గదిలో, అల్లుడు ఒక గదిలో, పాప హాల్లో, ముగ్గురూ కంప్యూటర్ల ముందు. మాట్లాడితే సైగ చేసి ఆపేవాళ్ళు. ఇక మాకు మిగిలింది మిద్దె. పొద్దున ఎండెక్కేదాకా, సాయంత్రం పొద్దుపోయేదాకా నీళ్ళ ట్యాంకు నీడలో రెండు ప్లాస్టిక్ కుర్చీలు. మొదటి వారంలోనే ఊరి కబుర్లు అయిపోయాయి. తర్వాత ఏమి మాట్లాడుకున్నామో గుర్తు లేదు. చాలాసార్లు ఏమీ మాట్లాడుకోలేదు. ఆయన పక్కన కూర్చుని చింతపండు గింజలు తీసిన మధ్యాహ్నాలు ఇప్పుడు నాకు కావాలి. లోకమంతా భయంతో వణుకుతున్న రోజులను నేను ఇలా గుర్తుచేసుకోవడం తప్పే కావచ్చు.

ఖాళీ రంగు బకెట్టుకు అడుగున చిల్లులు పొడిచి, మట్టి పోసి, నాలుగు గింజలు పెట్టాడు. మే నెలలో పసుపు పూలు పూశాయి. ఒక పొద్దున పాపను పిలిచి ఆకులు పక్కకు తప్పించి చూపించాడు. వాడిన పువ్వు కిందనుంచి ఊదారంగు ఊడ ఒకటి మట్టి వైపు వంగింది. పదమూడేళ్ళ పిల్ల, క్లాసు మధ్యలో పైకి వచ్చినది, మోకాళ్ళ మీద కూర్చుని దాన్నే చూసింది. అప్పటికే ఆయనకు గుబులు మొదలైంది. జూన్ దగ్గరపడుతోంది, విత్తనాలు పంచుతున్నారు, పేరు రాయించాలి. దారులు తెరిచిన మొదటి వారంలోనే వెళ్ళిపోయాడు. జూలై చివర పాప చెట్లు పీకి కాయలు లెక్కపెట్టి తాతకు ఫోను చేసింది. ఒక చెట్టుకు పదిహేడు. "మన చేనుకంటే మీ బకెట్టే మేలు" అన్నాడు.

*

ఆ తర్వాత మూడో ఏడు ఆయన పోయాడు. రాత్రి ఎనిమిదికి ఒక రింగు వచ్చింది. తిన్నాడులే అనుకొని పడుకున్నాను. తెల్లవారి పాలు పితకడానికి లేవలేదని పక్కింటివాళ్ళు తలుపు తట్టారు.

కర్మలనాడు ఎవరో, "పక్కన నీళ్ళు పోసే దిక్కు లేకుండా పోయాడు" అన్నారు. నాకు వినబడాలనే అన్నారు. ఆ రాత్రి వేళ్ళ మీద లెక్క వేశాను. పరిషెకు రెండు రోజులు, ఉగాదికి రెండు, ఎండాకాలం సెలవుల్లో పాపను తీసుకొని నేను ఊరికి వెళ్ళిన ఇరవై, ఏడాదికి ఇరవై నాలుగు రోజులు. వియ్యపురాలు రావడం ఆగినప్పటినుంచి పదమూడు పద్నాలుగేళ్ళు. దానికి ఆ మిద్దె మీది రెండున్నర నెలలు కలిపితే ఏడాదీ రెండు నెలలు కూడా లేవు. నన్ను ఉండమని ఎవరూ బలవంతపెట్టలేదు. నేను కష్టమని ఎవరికీ చెప్పలేదు. పాపను పెంచినందుకు నాకు చింత లేదు. ఎవరినీ తప్పుపట్టను, ఏ తప్పూ జరగలేదని కూడా అనను. ఈ లెక్క మా అమ్మాయికి ఇంతవరకు చెప్పలేదు. ఇప్పుడు చదువుతుంది.

పొలం కౌలుకు ఇచ్చాం. నా ఆధార్‌లో చిరునామా ఇంకా ఊరిదే. కర్ణాటకలో 2023 జూన్ నుంచి ఆడవాళ్ళకు బస్సు ఉచితం, కానీ చిరునామా ఇక్కడిది కావాలి. నా కార్డు చూసి కండక్టరు, "ఆంధ్ర అమ్మా" అని టికెట్టు కొడతాడు. 2025 ఆగస్టు నుంచి అక్కడా ఉచితమే. ఉచితమైన చోట నేను ఉండను, ఉన్న చోట నాకు ఉచితం కాదు. మార్చుకోమని అమ్మాయి పోరుతూనే ఉంటుంది. చూద్దాం.

*

మనవరాలు ఈ ఏడు కాలేజీలో చేరి హాస్టల్‌కు వెళ్ళింది. దాని గదిలో ఇప్పుడు రెండు మంచాలు. ఒకటి నాది, ఒకటి వదినగారిది. వియ్యంకుడు పోయాక ఆమె కూడా ఇక్కడికే వచ్చేశారు. గుమ్మం దగ్గర సంచులు మార్చుకున్న ఇద్దరం, ఎవరినీ పెంచే పని లేకుండా, ఒకే గదిలో.

సోమవారం మధ్యాహ్నం ఆమే అన్నారు. "పదండి వదినగారూ. మీకు మోకాళ్ళు, నాకు నడుము. ఒకరినొకరం పట్టుకొని పోదాం. పొద్దున్నుంచి కిటికీ దగ్గరే ఉన్నారు." ఆటోలో వెళ్ళాం. గుడ్డసంచి తెచ్చుకున్నారా అని అడుగుతున్నారు, ప్లాస్టిక్ ఇవ్వరట. మూడో కుప్ప దగ్గర నిలబడి కాయ చిదిమాను. లొట్ట. ఐదో కుప్ప దగ్గర గింజ నిండుగా ఉంది. ఎక్కడిదని అడిగితే చింతామణి అన్నాడు, తెలుగులోనే. సేరు ధర విని, ఆయన ఉంటే ఏమనేవాడో అనుకుంటూ పది రూపాయలు తగ్గించాను. బసవన్నకు వదినగారు నిండు దోసిలి పోశారు. నేను గుప్పెడే పోశాను, మా అలవాటు ప్రకారం.

ఇంటికొచ్చి గదిలో పాత పేపర్లు పరిచి, మట్టి కాయలు కడిగి, తాలు ఏరి పారేశాం. ఉప్పు ముందే వేస్తేనే పెంకు దాటి లోపలికి పడుతుందని నేను. ముందు వేస్తే గింజ బిరుసెక్కుతుంది, ఉడికాకే వేయాలని ఆమె. తెనాలిలో శనక్కాయ ఎక్కడ పండిందని మీకు తెలుసు అని అన్నాను కూడా. చివరికి రెండు పొయ్యిల మీద రెండు గిన్నెలు పెట్టాం, ఎవరిది వారిది. పోపుల పెట్టె పక్కనే ఉంది. ఆవాలు ఆమె చోట ఉన్నాయి.

ఎనిమిది కావస్తుంటే నా చూపు ఇప్పటికీ ఫోను మీదికి పోతుంది. వదినగారు అది చూశారు. చూసి, గరిటె నా చేతికిస్తూ, "మీ గిన్నె పొంగుతోంది" అన్నారు.